2010, పూతలపట్టు

మూడోసారి కూడా అరవై రెండు శాతం దగ్గరే ఆగింది.
కొర్లగుంటలో మేడమీది గది, రాత్రి ఒంటిగంట,
ఒళ్లో లాప్‌టాప్, అందులో ఒక నల్ల కిటికీ.
కిటికీకి అవతల పూతలపట్టు,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక గదిలో
నేనెప్పుడూ కళ్లారా చూడని సర్వర్.

అక్షరం కొడితే వెంటనే పడదు.
పోయి, తాకి, తిరిగొచ్చి అప్పుడు కనబడుతుంది,
బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టినట్టు.
పాస్‌వర్డ్ అయితే అసలే కనబడదు.
కొట్టానో లేదో నా వేళ్లే సాక్ష్యం.

ఫోన్లో వాచ్‌మన్ ధనకోటి:
"ఇంగ ఎంతసేపు మ్మే? గేటు బయట ట్రాక్టర్లు నిండా ఉండాయి.
ఐరాలోళ్లు, పెనుమూరోళ్లు, బంగారుపాళ్యం ఆయన ఒకడు
పొద్దున్నించీ ఈడే. కాయ మెత్తబడతా ఉండాది."
ప్రోగ్రామ్ ఎక్కితేగాని వేబ్రిడ్జి పలకదు.
తూకం లేంది చీటీ లేదు, చీటీ లేంది డబ్బు లేదు.
తెలుసు. తెలిసీ
"ఇంకో పది నిమిషాలన్నా" అన్నాను,
ఈ రాత్రికి అది ఐదో పది నిమిషాలు.

అనుమానించని చోటు లేదు.
డిస్కు నిండిందేమో చూశాను: సగం ఖాళీ.
నెట్‌వర్క్‌ని పిలిచాను: మర్యాదగా పలికింది.
పాత వెర్షన్‌ని వేళ్లతో సహా పీకాను.
ఆపి, లేపాను. ఇంత దూరం నుంచి
ఒక యంత్రం కళ్లు తెరవడం చూస్తూ కూర్చున్నాను.
మళ్లీ అరవై రెండు. మళ్లీ అదే ఎర్ర వాక్యం,
ఇన్‌స్టలేషన్ విఫలమైంది.
ఎందుకో చెప్పదు. అడిగే చోట అడగాలి.

ఆ చోటు లాగ్ ఫైలు. నాలుగు వేల వరుసలు.
కిందినుంచి పైకి చదువుతాను నేను,
గరిటె గిన్నె అడుగుదాకా పోనిచ్చినట్టు.
అక్కడ తగిలింది:
ఈ సంతకం ఇంకా చెల్లదు.

గడువు తీరిందని కాదు.
ఇంకా.
ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగింది.
తేదీ ఎంత అని అడిగాను. తడుముకోకుండా చెప్పింది:
జనవరి నాలుగు, 2010.

"ధనకోటన్నా, ఈ మధ్య కరెంటు పోయిందా?"
"పోవడమా! సోమవారం గాలివాన. రెండు నాళ్లు చీకటే.
యూపీఎస్ కూసి కూసి చచ్చింది."

అదీ సంగతి. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ
ఎవరికీ చెప్పకుండా అయిపోయింది.
లేచాక సర్వర్‌కి ఇది ఏ రోజో తెలియలేదు,
తనకు తెలిసిన మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టింది.
కొత్త ప్రోగ్రామ్ మీది సంతకమేమో నిరుటిది.
ఇంకా పుట్టనివాడి సంతకం ఎవరు నమ్ముతారు?
దాని తప్పేం లేదు.
గంటన్నరగా తిడుతున్నది నేను.

2010లో నేనూ కంప్యూటర్‌ని తాకలేదు.
మా బడిలో ఒక గది ఉండేది.
చెప్పులు బయట విడిచి, వరుసలో పోయి,
గుడ్డ కప్పిన మూడింటినీ చూసి వచ్చేవాళ్లం.
ఒకసారి లలితాంబ ఆ గుడ్డమీదే
వేలితో తన పేరు టైపు చేసింది.

తేదీ దిద్దాను. ఒకే ఒక్క వరుస.
అన్నేళ్లనూ ఒక్క ఎంటర్‌తో దాటింది.
గీత కదిలింది. అరవై. అరవై ఒకటి. అరవై రెండు.
నీళ్ల సీసా మూత చేతిలోనే ఉండిపోయింది.
అరవై మూడు.

ఫోన్లో ఇంజను మోత, ఎవరో "రివర్స్, రివర్స్" అని అరుపు,
తర్వాత ప్రింటర్ గీరిన చప్పుడు.
ధనకోటి చీటీ కూడబలుక్కుని చదివాడు:
"మూడు వేల ఎనిమిదొందల నలభై కిలోలు.
తేదీ గూడా ఈ పొద్దుదే పడిందమ్మే."

"అన్నా, రేపు ఆ బ్యాటరీ మార్పించు.
గడియారాల అంగట్లో దొరుకుతుంది, నలభై రూపాయలు."
"రేపు ఆదివారం మ్మే."

నల్ల కిటికీ మూశాను.
అసలు కిటికీలో, పడమటి దిక్కున,
ఒక మెరుపు.
చప్పుడు కోసం చెవి పెట్టాను.
ఒకటి, రెండు, మూడు