పాస్‌పోర్టు వయసు

కదలొద్దంటాది దానా పాప,
సగం అరబ్బీ, సగం నేను నేర్పిన తెలుగు.
"ఓబ్లా, రోంతసేపు. కండ్లు మూయాకు."
నా చేతుల నిండా పిండి.
పొయ్యి మింద ఎండు నిమ్మకాయలు ఉడుకుతాండాయి.
జహ్రా ఎండ కిటికీ అద్దాన్ని బయటినుంచి తోస్తాంది.
ఫోను నా ముఖం చుట్టూ గుండ్రంగా గీత తిప్పింది
దిష్టి తీసేటప్పుడు ఉప్పు తిప్పినట్ల.

దానాకు పదకొండు.
అది పుట్టిన నలభయ్యో దినం నేను ఈ ఇంట్లేకి వచ్చినా,
దాని వయసు నాకు అకామా తేదీ మాదిరి నోటికొచ్చు.
దానికి కావాల్సిన దాంట్లేకి పిల్లోళ్ళను రానీరంట.
పుట్టిన సంవత్సరం మార్చి కొడితే ముందు నమ్మేదంట,
ఇప్పుడు ముఖం చూపియ్యమంటాదంట.
మామా అయితే పదారు నిండేదాకా
ఆ మాటే ఎత్తొద్దనింది.
"నీ ముఖముంటే చాలు ఓబ్లా, నువ్వు పెద్దదానివి గదా."

పెద్దదాన్నే.
నన్ను పెద్దదాన్ని చేసింది కోడూరు ఏజెంటు.
ఇరవై రెండుకు పంపరమ్మా, ముప్పై దాటాల అని
టీ తాగినంత సేపట్లో తొమ్మిదేండ్లు రాసినాడు.
ఒక్కో ఏడుకు ఎంత తీసుకున్న్యాడో
మా ఇంటాయన ఇప్పటికీ చెప్పడు.
ఆ తొమ్మిదేండ్లూ ఏం చేసినావని ఎవురైనా అడుగుతారేమోనని
విమానం దిగేదాకా కథలు అల్లుకుంటానే ఉన్న్యా.
ఎవురూ అడగలా. ముద్దర కొట్టి పొమ్మన్న్యారు.

ఇప్పుడు దీనికేం చెప్పాల?
అబద్ధం తప్పంటానా?
అబద్ధం మింద నిలబడే గదా
దీన్ని మొదటిసారి ఎత్తుకునింది.

మా ఇందుజకు పన్నెండు.
మా చెల్లెలి ఫోన్లో పద్దెనిమిదని కొట్టుకుని
చిట్వేలిలో, నడిమింటి తలుపు ముందర ఆడ్తాది.
రాత్రి గిన్నెలు కడిగినాక
వంటింటి ఎనక నా గదిలో, శబ్దం తీసేసి చూస్తా.
పాట నాకెందుకు? నేను చూసేది తలుపును.
ఉగాదికి తల గడియకాడ ఉన్నింది.
ఇప్పుడు గడియ దాటింది.
నా బిడ్డ ఎదిగేది నాకు తెలిసేది ఆ గడియతోనే.
దాని కింద ఎవుడో మీసాలోడు
దినామూ పూలు పెడ్తాండాడు.
ఆ పూలు పీకేసే చెయ్యి యాడుంటాదో నాకు తెల్దు.
పిల్లోళ్ళకు అడ్డం పెట్టే చట్టమేందో వస్తాదని
టీవీ ముందర బాబా అంటాంటే
రానీ అనుకున్న్యా.
వొద్దు, రేపు రానీ అనుకున్న్యా.
గడియ మింద ఇంగో రెండు వేళ్ళు ఎదిగినాక రానీ.

ఫోను ఆలోచించి ఆలోచించి ఒక అంకె చూపిచ్చింది.
దానా నవ్వాపుకోలేక గట్టుకు ఆనుకునింది.
"నలభై ఎనిమిదంట!"

పాస్‌పోర్టు నలభై రెండంటాది.
మాయమ్మ లెక్కకు ముప్పై మూడు,
చింతపండు కొట్టే దినాల్లో, మంగళారం పగలు.
ఏజెంటు తొమ్మిది రాస్తే
ఇంగో ఆరు ఎవురు రాసినట్టు?
ఇస్త్రీ ఆవిరా, ఈ పొయ్యి పొగా,
పండ్లొచ్చే జరంలో దీన్ని భుజానేసుకుని
మెట్లెక్కి దిగిన రాత్రుళ్ళా?

ఇంగొక్కటే మిగిలింది,
"అవును" మింద నా వేలు పెట్టాలంట.
పిండి వేలు ఫోనుకు తెల్దు, తుడుచుకో అంటాది దానా.
తుడుచుకోలా.
ముద్ద తీసి దాని చేతిలో పెట్టినా, ఒత్తమని.
మూతి ముడుచుకుని, ఆ ముద్ద గోరుతో గిల్లుతా
శానాసేపు నిలబడింది.
అద్దం మింద నా ముఖం అట్నే ఉంది, నలభై ఎనిమిదితో సహా.

"నిజంగా నీకు ఎన్నేండ్లు ఓబ్లా?"

పదకొండేండ్లలో ఈ ఇంట్లో ఎవురూ అడగని మాట.
గబుక్కున చెప్పలేకపోయినా.
పిండి చేతి వేళ్ళ మింద
మంగళారం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టినా.

పొయ్యి మింద నిమ్మకాయలు అడుగంటే వాసన.