లాభం, రెండు, మూడు

కోఠీలో బస్సు దిగి
రికార్డు బుక్కుని ఎండకి అడ్డం పెట్టుకుని
ఫిజిక్స్ ల్యాబుకి నడిచాను.
ఇంటర్ దాకా లోలకం అన్నదాన్ని
ఇక్కడ పెండ్యులం అంటున్నారు.
ఊగడం మాత్రం అలాగే ఊగుతోంది.

పొద్దున థియరీ క్లాసులో చెప్పారు:
దారానికి బరువు లేదనుకోండి,
గుండు ఒక చుక్క అనుకోండి,
గాలి లేదనుకోండి.
కిటికీ అవతల కోఠీ చౌరస్తా హారన్లన్నీ
ఆ లేని గాలిలోంచే లోపలికి వస్తున్నాయి.

దారం నాకు కొత్త కాదు.
మా అమ్మ మొజంజాహీ మార్కెట్ దగ్గర పూలమ్ముతుంది.
మూరకి ఎన్ని ముళ్లో, ఏ ముడి జారుతుందో
నా వేళ్లకి పదేళ్లప్పుడే తెలుసు.
అందుకే ఇత్తడి గుండుని నేనే కట్టాను.
తహసీన్ స్టాప్‌వాచ్ పట్టుకుంది.
కొక్కెం దాకా కాదు, గుండు నడిబొడ్డు దాకా
సరిగ్గా వంద సెంటీమీటర్లు.
అమ్ముతున్న మోచేతిని బట్టి మారే కొలత కాదిది.

చిన్నగా లాగి వదలమన్నారు.
మరీ దూరం లాగితే సూత్రం ఒప్పుకోదట.
గుండు నడిమి గీత దాటుతుంటే తహసీన్ మీట నొక్కింది,
నేను లెక్క మొదలుపెట్టాను:
లాభం, రెండు, మూడు...

ఇరవై అనేసరికి ముప్పై ఎనిమిది పాయింట్ రెండు సెకన్లు.
ఫోన్లో ఒకసారి, కాగితం మీద ఒకసారి,
ఎలా చేసినా జీ విలువ వెయ్యీ ఎనభై రెండు.
పుస్తకంలో హైదరాబాదుకి తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది.
"మన బల్ల కింద భూమి లావెక్కింది" అంది తహసీన్.
పక్క బల్ల మీద శ్రావ్య వాళ్లు
జవాబు దగ్గర్నుంచి వెనక్కి నడిచి
రీడింగులు వండుకున్నారు.
మాకూ గరిటె అందించబోయారు.

హైమవతి మేడమ్ కొట్టేయలేదు, సంతకమూ పెట్టలేదు.
"భూమి తప్పు చెయ్యదు, మీ ఇద్దర్లో ఎవరు చేశారో చూసుకోండి"
అని ఎటో వెళ్లిపోయారు.

దారం మళ్లీ కొలిచాం. ముడి విప్పి కట్టాం.
ఫ్యాను ఆపాం. చెమట పట్టింది, జీ దిగలేదు.
తహసీన్ స్టాప్‌వాచ్‌ని చెవి దగ్గర పెట్టుకుని వింది,
డిజిటల్ వాచీ ఏం చెబుతుందని!

ముప్పై ఏళ్లుగా అదే బీరువా తెరిచి మూస్తున్న
అటెండర్ నర్సింలు
తాళాలగుత్తి ఊపుకుంటూ వచ్చి కాసేపు విన్నాడు.
"ఇడిసినప్పుడే ఒకటంటవేంది బిడ్డా?
ఇంకా పోయి రాలే గద.
పోయొచ్చినంకనే ఒకటి.
అప్పటిదాంక సున్న."

బుగ్గలు వేడెక్కాయి.
మూర పూలు చేతిలో పడ్డాకే వాటికి లాభమని పేరు.
నేను ఊగని ఊపుకి పేరు పెట్టేశాను.
ఇరవై అనుకున్నవి పంతొమ్మిదే.
పుట్టని ఒకదాన్ని పుట్టినట్టు రాసుకుంటే
భూమి లాగుడే వంద పైచిలుకు తప్పింది.

సున్నా అని పైకి అనడం తేలిక్కాదు.
మా ఇంట్లో ఏ లెక్కా దాంతో మొదలవదు,
బోణీ కాకముందు ఆ మాటంటే
అమ్మ కళ్లురుముతుంది.
అయినా అన్నాను.
సున్నా. ఒకటి. రెండు.
నలభై పాయింట్ రెండు సెకన్లు.
తొమ్మిది వందల డెబ్బై ఏడు.

ఒకటి తక్కువ.
తహసీన్ రబ్బరు తీసింది, మణికట్టు పట్టుకుని ఆపాను.
ఆ ఒకటి మాది. ఉండనీ.

సాయంత్రం బుట్ట వెనక అమ్మ పక్కన కూర్చున్నాను.
"ఏం నేర్సినవ్ ఇయ్యాల?"
"సున్న."
"గంత ఫీజు గట్టి?"
నవ్వుకుంటూనే తడిగుడ్డ కింద నుంచి మల్లెదండ లాగి
స్కూటీ దిగని ఒకామెకి మోచేత్తో కొలుస్తోంది:
లాభం...
దండ కొస అమ్మ చేతినుంచి జారి ఊగింది.
అటు పోయి, తిరిగి వచ్చేదాకా ఆగి
లోపల ఒకటి అనుకున్నాను.