విరిగేదాకా

కోర్ మిషన్ నీళ్ళు తాగుతూ తాగుతూ దిగింది.
గొట్టం పైకి తీస్తే
రెండు ముక్కలొచ్చాయి.
పై పొర వేరే, కింది పొర వేరే,
తిరగట్లోంచి బయటపడ్డ కంది బద్దల్లా.

తాడిపత్రి నుంచి యాడికి పోయే రోడ్డు,
పద్నాలుగో కిలోమీటరు, రెండొందల మీటర్ల దగ్గర.
నాపరాళ్ళ లారీలు బ్రేకేసే వంపు.
తారు మీద అప్పటికే
ఒకదాని వెనక ఒకటి నెలవంక పగుళ్ళు.
పీరప్ప చూసి అన్నాడు:
"ఆకాశంలో అగుపడితే పండగ సారూ,
ఈడ అగుపడితే బిల్లు ఆగిపోతాది."
ఎవరూ నవ్వలేదు.

విడిపోయిన ముఖం మీద వేలితో రాశాను.
తెల్లటి పిండి.
పాలిష్ ఫ్యాక్టరీల నుంచి గాలి మోసుకొచ్చేది,
ఆరేసిన బట్టల మీద, హోటలు బల్లల మీద,
రాళ్ళు కోసేవాళ్ళ దగ్గులో ఉండేది.
జిగురు ఉండాల్సిన చోట
అదుంది.

జిగురంటే పెద్ద సంగతేం కాదు.
అంచనాల పుస్తకంలో దానికి ఒక్క వరుస,
చదరపు మీటరుకు పావు కిలో.
కంకర రేటు దగ్గర గంటసేపు వాదించుకునేవాళ్ళు
ఆ వరుస దగ్గర పేజీ తిప్పేస్తారు.

డ్రమ్ములో అది రాగి అంబలి రంగు.
చల్లాక ఊరికే ఉండాలి మనం.
నీళ్ళు తమ దారిన తాము పోతాయి,
అంబలి మెల్లగా నలుపు తిరుగుతుంది.
అప్పుడు పీరప్ప చెప్పు విడిచి
కాలి బొటనవేలు ఆనించి, ఎత్తి,
"విరిగింది" అంటాడు.
పేవర్ కదిలేది ఆ మాటకే.
"పాలు విరిగితే పారబోస్తాం.
ఇది విరక్కముందే తొందరపడితే
రోడ్డునే పారబోసుకోవాల."

ఆ రోజు
ఓబుళక్కా ఆమె జట్టు నలుగురూ
పొద్దున్నుంచి ఊడ్చిన రోడ్డు మీద
మధ్యాహ్నం గాలి మళ్ళీ పిండి చల్లి పోయింది.
"రొవంత సేపు ఆగండప్పా, ఇంగోసారి ఊడుస్తాం" అనింది.
ఏడు టిప్పర్లు పొగలు కక్కుతూ వరుసలో.
చల్లారితే మాలు పనికిరాదు.
మేస్త్రి ఫోన్లో ఎవరికో
"అయిపోతాందన్నా, అయిపోతాంది."
పిండి మీదే చల్లించారు.
రాగి రంగు రాగి రంగుగా ఉండగానే
మొదటి టిప్పరు వెనక్కొచ్చింది,
ఉన్న కాస్త జిగురూ
టైర్లకంటుకుని లేచిపోయింది.
పీరప్ప స్ప్రే గొట్టం కింద పెట్టి
గట్టు మీద కూర్చున్నాడు.
బీడీ నోట్లో ఉంది, వెలిగించలేదు.
అగ్గిపెట్టె తెరవడం, మూయడం,
తెరవడం, మూయడం.

నేనెక్కడున్నానంటారా.
రోడ్డు మీద రేకు పళ్ళెం పెట్టించి
చల్లకముందొకసారి, చల్లాకొకసారి
తూచి రాయాల్సినవాణ్ణి నేనే.
జీపు నీడలో
రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని
పావు కిలో అని రాశాను.
పళ్ళెం బయటికి తీయలేదు.
దాన్లో నా చిత్రాన్నం పొట్లం ఉండింది.

పదిహేనో కిలోమీటరులో కోర్ మాత్రం ఒక్క ముక్కగా వచ్చింది.
అక్కడ పీరప్ప
టిప్పరుకు అడ్డంగా ఖాళీ డ్రమ్ము దొర్లించి
నలభై నిమిషాలు దాని మీదే కూర్చున్నాడని,
సగం కూలి కోసేశారని
తర్వాత తెలిసింది.
సుత్తితో కొట్టి చూశాను.
కంకర రాయి పగిలింది గానీ
అతుకు ఎక్కడుందో దొరకలేదు.

పెద్దసారు రిజిస్టరు అడిగాడు.
పద్నాలుగు బై రెండొందలు.
పేజీ తిప్పాడు, నా వైపు చూశాడు,
ఏమీ అనలేదు.
సంతకం మాత్రం
కాగితానికి బాగానే అతుక్కుంది.

కోర్ తీసిన గుంత పూడ్చాలి కదా.
ఓబుళక్క గొంతుక్కూర్చుని
పాత గుడ్డతో లోపలంతా తుడిచింది,
పసిబిడ్డ చెవి తుడిచినట్టు.
పీరప్ప కుంచె ముంచి
గోడలకు రాగి రంగు పూశాడు.
తట్టలో మాలు పొగలొస్తా ఉంది.
ఎవరూ తొందరపెట్టలేదు.
లారీ ఒకటి హారను కొట్టి కొట్టి
పక్కనుంచి పోయింది.

నేను చెప్పు విడిచాను.