అంచు తియ్‌రా అంటే

తాడిపత్రి రైలుగేటు పక్కన మా షెడ్డులో
ఇప్పుడు కంప్యూటరు అడుగుతుంది:
చాంఫరా, బెవెలా?
రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి
ఒకదాని మీద నొక్కమంటుంది.
కొత్తగా చేరిన ఓబులపతి
"రెండూ ఏటవాలే కదన్నా" అంటాడు.
నేను వెంటనే జవాబు చెప్పను.
ఎడమ ముంజేతి మీద నాకో గీత ఉంది,
దాన్ని చూసుకుంటాను.

అప్పట్లో బండల ఫ్యాక్టరీల తెల్లదుమ్ము
మా రంపంపొట్టులో కలిసిపోయి
మధ్యాహ్నానికి
ఏది రాయో ఏది కొయ్యో తెలిసేది కాదు.
మౌనాచారికి పేరులోనే మౌనం.
రందాతో మాట్లాడేవాడు, వంగిన మేకుతో మాట్లాడేవాడు,
కరెంటు పోతే కరెంటోళ్ళ తాతలతో కూడా.
గుంతకల్లుకు పెళ్ళికి పోతూ
బడి బల్లల పని నాకప్పజెప్పి
"అంచు తియ్‌రా, పిల్లోళ్ళు చేతులు పెట్టుకుంటారు"
అని బస్సెక్కాడు.

నాకు పదిహేడేళ్ళు.
తియ్యడమంటే తియ్యడమే అనుకున్నాను.
పైముఖం నుంచి అడుగుముఖం దాకా
అంగుళం మందం మొత్తం నలభై ఐదుకు వాల్చేశాను.
ముప్పైరెండు వేపపలకలు.
చేదు గొంతులోకి దిగేదాకా.
వరసగా గోడకు ఆనిస్తే
ఎండకు కొడవళ్ళలా మెరిశాయి.
ఎంత గర్వపడ్డానో!

ఆచారి వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.
ఒక పలక తీసి బల్లలా పరిచి
"కూచో. రాయి" అన్నాడు.
ఏం రాయాల?
"నీ పేరే రాయి."
'హు' దగ్గర బాగానే ఉంది.
'సే' దగ్గర ముంజేతిలో చురుక్కుమంది.
'ప్ప' రాసేసరికి
పేరు కింద ఎర్రగా ఒక చుక్క.

తిడతాడనుకున్నాను.
బీడీ ముట్టించుకుని, మొండి తుంట ఒకటి తెచ్చి
రందాతో రెండే రెండు లాగులు లాగాడు.
మూలలో జొన్నగింజంత చదును.
దాని కింద అంచు
నిటారుగా, తన మందంతో తాను నిలబడే ఉంది.
"ఇదిరా చాంఫరు. కొయ్యకు కోపం మూలలో ఉంటాది.
కోపం మటుకు తియ్యాల, కొయ్యను తియ్యగూడదు.
నువ్వు చేసింది బెవెలు. కొయ్యే పక్కకు తిరిగిపోయింది.
పక్కకు తిరిగినోడు ఊరికే ఉండడు.
కోస్తాడు.
లేదా ఇంకొకని కోసం కాచుకోనుంటాడు."
తన ఉలి తిప్పి చూపించాడు.
దానిదీ అదే వాలు.

బడికి కొత్త కొయ్య కొన్నాడు, నా ఐదు నెలల కూలితో.
పలకలు నెలన్నర గోడకే ఉన్నాయి.
పెన్న అవతలి ఊరి నుంచి
పీర్లచావిడి ముజావరు ఇమామప్ప వచ్చాడు.
పీర్ల పెట్టె చెద తినింది,
మొహర్రంలోపల కొత్తది కావాల.
ఆచారి గోడ వైపు చూశాడు.
నా వైపు చూళ్ళేదు.

వాలుకు వాలు ఆనించాం.
మూలమట్టం పెట్టి చూస్తే
సందులోంచి వెలుతురు దూరలేదు.
నన్ను కోసిన చెక్కే,
ఇంకో కోసే చెక్క దొరికేసరికి
సాధువై కూచుంది.
మేకు వాడలేదు, వజ్రం కాచి అతికించాం.
పీర్ల పట్టుగుడ్డలు తగులుకోకుండా
పెట్టె నోటి చుట్టూ చాంఫరు
నాచేతనే కొట్టించాడు.
జొన్నగింజంత.
మూడో లాగుకు రందా ఎత్తితే
మణికట్టు పట్టుకున్నాడు.

పెట్టెకు ఎనిమిది పలకలు పోయాయి.
మిగతావి బియ్యం డబ్బాలైనాయి కొన్ని,
ఒకటి నా పెళ్ళిలో టీవీ స్టాండు.
ఇంకా కొన్ని ఎటు పోయాయో.

ఓబులపతి వేలు ఇంకా గాల్లోనే ఉంది.
"చెయ్యి తగిలేదా, చెక్క కలిసేదా?" అడిగాను.
అలమార తలుపు, అన్నాడు.
"అయితే చెప్పు, ఎంత?"
కాసేపు తల గోక్కుని
రెండు మిల్లీమీటర్లు కొట్టాడు.
గేటు పడింది. సిమెంటు గూడ్సు పోతుంటే
షెడ్డంతా వణికింది, మిషను మాత్రం వణకలేదు.
తలుపు బయటికొచ్చాక
మూల తడిమాను, కింది అంచు తడిమాను.
తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పొడి అతికించి చేసిన చెక్క.
చేదు లేదు.