ఇరవై మూడో ప్రశ్న

ఫారానికి నూట అరవై రూపాయలు.
టాబ్లెట్ వాళ్ళది, పెట్రోలు నాది.
మూడు రోజుల ట్రైనింగుకి ఢిల్లీ నుంచి
ఇరావతి మేడం తనే వచ్చి చెప్పింది:
జవాబు మీరు అందించకండి,
జాలిపడకండి,
తెలీదంటే తొంభై ఎనిమిది,
చెప్పనంటే తొంభై తొమ్మిది.

ఇరవై మూడో ప్రశ్న చిన్నది.
తల్లి ఎన్నేళ్ళు చదువుకుంది?
చదివిన ఒక్కో ఏడూ ఇంటికి ఎంత తెస్తుందో
మేడం లెక్కంతా ఆ గడి మీదే నిలబడిందట.
బోర్డు మీద గీసి చూపించింది,
ఏటవాలుగా పైకెళ్ళే గీత,
చుట్టూ చుక్కలు.
ఒక్కో చుక్కా ఒక ఇల్లు, అంది.

కాశీబుగ్గ అవతల రేకుల షెడ్డు.
జీడిపలుకుల పొట్టు తీస్తూ నలభై మంది ఆడవాళ్ళు.
బమ్మిడి ఊర్వశి తలెత్తకుండానే మాట్లాడింది.
అంతకుముందు పదేళ్ళు పిక్క కొట్టిన వేళ్ళు.
జీడిసొనకి గీతలు అరిగిపోయి
రేషను మిషను ఆవిణ్ణి ఆవిడ కాదంటుందట,
కూతురు వేలు పెడితేనే బియ్యం.
ఆ సంగతికి నా దగ్గర గడి లేదు.

"ఎనిమిది పాసు," అంది.
ఎనిమిది నొక్కబోయాను.
"ఉండు బాబూ.
బడికెల్లిన ఏళ్ళా, సదువొచ్చిన ఏళ్ళా?"

ఇది ట్రైనింగులో చెప్పలేదు.

"ఒకటీ రెండూ మూడూ, పంతులమ్మ ఉండీది.
నాలుక్కి ఆవిడికి బదిలీ.
ఆ ఏడంతా గోడమీద బల్లిని సూసినాం.
ఐదులో తమ్ముడు గుంటడు పుట్టినాడు.
ఆడ్ని సంకనేసుకుని గుమ్మంకాడ నిలబడీదాన్ని,
లోపలికి రానిచ్చీవోరు కాదు,
పేరు మాత్రం పిలిచీవోరు.
తరవాత గాలివానకి రేకులెగిరిపోనాయి.
ఎనిమిదిలో అందరికీ పాసే."

ఎదురుగా మూడు బుట్టలు.
గుండు పలుకు, బద్ద, ముక్క.
వాటికేసి గడ్డం చూపించింది.
"గుండు మూడే. మిగతాయి ముక్కలు.
నువ్వేటి రాసుకుంటావో రాసుకో.
మా సావుకారైతే మూడిటికే డబ్బులిస్తాడు."

మూడు నొక్కాను.
తెర ఎర్రబడింది:
తరగతి ఎనిమిది, ఏళ్ళు మూడు, సరిచూసుకోండి.
ఒప్పుకుంటాను, భయపడ్డాను.
ఫారం తిరిగొస్తే నూట అరవై పోతుంది.
ఎనిమిది చేసి ముందుకెళ్ళి,
మళ్ళీ వెనక్కొచ్చి మూడు చేశాను.

పదకొండో రోజు రాత్రి మేడం ఫోను.
"రెండొందల పధ్నాలుగో ఇల్లు. అక్కడ మూడేంటి?"
మందస రోడ్డు మీద బండి ఆపి,
బల్లి దగ్గర్నించి మొదలెట్టి అంతా చెప్పాను.
అట్నుంచి చాలాసేపు ఫాను చప్పుడు.
"మిగతా రెండొందల పదమూడు మందినీ
మనం ఇది అడగలేదు కదా," అంది,
నాతో కాదు.

మళ్ళీ వెళ్ళాం. ఫారానికి ఎనభై.
ఈసారి రెండో తరగతి పాఠం ఒకటి
చేతికిచ్చి చదవమనాలి.
ఒకావిడ కొంగుకి చెయ్యి తుడుచుకుని
కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
మంచి కాగితం, అని ఇచ్చేసింది.
ఊర్వశి కూతురు ఛాయ
రెండో లైను దగ్గర ఆగిపోయి తల్లికేసి చూసింది.
తల్లి చేతులు ఆగాయి.
ఆ షెడ్డులో నేనున్నన్నాళ్ళూ
ఆగిన చేతులు అవే.

గీత తర్వాత ఏమైందో తెలీదు.
మేడం రాసింది ఇంగ్లీషులో అచ్చయిందట,
నాకూ పంపింది,
నా ఫోనులో తెరుచుకోలేదు.

ఆఖరి రోజు బండి మొరాయిస్తే
ఇచ్ఛాపురం బస్సెక్కాను.
నేను బీఏ. పదిహేనేళ్ళు.
కిటికీ పక్కన కూర్చుని
వేళ్ళ మీద గుండు ఏరుకుంటున్నాను.
కండక్టరు టిక్కెట్టు అడిగేసరికి
ఇంకా ఐదు దగ్గరే ఉన్నాను.