మూడో గడి

లింగిచెట్టి వీధి మలుపులో
మా హోటలుకు రెండు పేర్లు.
బోర్డు మీద చెంగల్వరాయ విలాస్.
రిక్షావాళ్ల నోట్లో నెల్లూరోళ్ల లాడ్జి.
రెండో పేరు మీద వచ్చే ఉత్తరాలే ఎక్కువ.

ముప్పై ఒక్క ఏళ్లుగా నేనిక్కడ గుమాస్తాని.
తాళంచెవులకు వేలాడే ఇత్తడి బిళ్లల్ని
శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోముతాను.
తోమీ తోమీ అంకెలు అరిగిపోయాయి.
ఆరుకీ తొమ్మిదికీ తేడా
ఇప్పుడు నా బొటనవేలికే తెలుసు.

లిఫ్టు ఉంది.
ఎప్పుడూ జానెడు కిందే ఆగుతుంది.
"కాలెత్తి పెట్టండి" అంటాడు ఏకాంబరం,
ప్లీడరుగారితోనైనా
చంకన పిల్లాణ్ణి వేసుకున్న తల్లితోనైనా
అదే గొంతుతో.
బాగుచేయిద్దామంటే పెద్దాయన వద్దన్నాడట:
"పట్నమొచ్చినవాడు
ఒక్కసారైనా కిందికి చూసి నడవాలి."

రిజిస్టర్లు మెట్ల కింద గూట్లో ఉంటాయి.
పేరు, ఊరు, వచ్చిన పని.
మొదటి రెండు గడులూ పోలీసులకు.
మూడోది నేను రాత్రిళ్లు చదువుకోడానికి.

'అప్పీలు' అని రాశాడు కావలి రైతు.
ఇరవై ఏళ్లకు అతని కొడుకు కూడా అదే రాశాడు,
అదే పొలం, అదే సర్వే నంబరు.
'కన్ను' అన్నాడొకాయన.
వారం తరవాత వెళ్తూ పెట్టిన సంతకం
గీత దాటి పక్కవాడి పేరు మీదికి పోయింది.
'అచ్చు పని': బందరు పంతులు
తడి ప్రూఫులు ఆరేసుకున్న తాడు
పదకొండో గదిలో ఇంకా ఉంది,
దాని మీద ఇప్పుడు ఎవరెవరివో తువ్వాళ్లు.
'పెళ్లి చీరలు.'
నాలుగు రోజులకు అదే చేతిరాత: 'వాపసు.'

నలభై రెండు, ఏప్రిల్.
సముద్రం మీంచి బాంబులొస్తాయని
ఊరు ఊరంతా మూటలు కట్టింది.
వంటవాళ్లూ పోయారు.
ఆ పుటల్లో పందొమ్మిది రోజులు ఒకటే పేరు:
చెంగల్వరాయ నాయుడు.
ఊరు: ఇదే.
పని: తలుపు.
దీపం పెట్టకూడదు గనక
చీకట్లో రాసిన అక్షరాలు
ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.
గది అద్దె కూడా కట్టుకున్నాడు తనకు తనే.
రసీదులున్నాయి, నేను లెక్క చూశాను.

యాభై మూడులో గీత గీశారు.
నిద్ర లేచేసరికి మా వాళ్ల ఊళ్లు వేరే రాష్ట్రం.
నాలుగో గడి పెట్టాం, 'రాష్ట్రం' అని.
చాలా ఏళ్లు దాన్నెవరూ నింపలేదు,
మేమూ అడగలేదు.

ఏటా ఆషాఢంలో
నాయుడుపేట నుంచి వెంగమాంబగారు వస్తారు.
తొమ్మిదో గది, ఒక్క రాత్రి.
మూడో గడిలో 'ఏమీ లేదు.'
పధ్నాలుగేళ్లు నేను ఊరుకున్నాను.
గుమాస్తా అడక్కూడని ప్రశ్న అది.

ఈసారి చెప్పక తప్పలేదు:
వచ్చే ఏడు ఉండదమ్మా, బ్యాంకువాళ్లు కొన్నారు.

చేతిసంచి బల్ల మీద పెట్టి కాసేపు చూసింది.
"మీ వేణ్ణీళ్లకు ఇనుప వాసనుంటుంది, అబ్బాయా.
ఇంటిదగ్గర ఎంత కాచినా రాదు.
ఒక్కదాని కోసం కాచిన నీళ్లు వేరు."

తాళం ఇచ్చాను.
కాసేపటికి ఏకాంబరం దిగివచ్చి
ఏమీ అనకుండా బిళ్ల బల్ల మీద పెట్టాడు.
ఆరు.

తెల్లారుజామున నాలుగున్నరకు
బాయిలరు నేనే వెలిగించాను.
బొగ్గు ఇంకా సగం బస్తా ఉంది.