వాలుగ దవడ

ఇరవై ఎనిమిదేళ్లుగా పొందూరు ఆసుపత్రిలో
కట్లు కట్టేవాణ్ణి.
గోధుమరంగు సీసా మూత తీసి
పుండు మీదికి వంచుతాను.
బుస్సుమని తెల్లగా పొంగుతుంది.
"అదిగో, పురుగులు చచ్చిపోతున్నాయి చూడు" అంటాను.
ఏడ్చే పిల్లలు ఏడుపు ఆపి చూస్తారు.

అసిరమ్మకీ ఒకప్పుడు అదే చెప్పాను,
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంటే
ఆ పళ్లు బొటనవేలిలో దిగి చీము పట్టిన రోజున.
సూదిమొన కన్నా సన్నటి పళ్లు.
అవి దువ్వితేనే గింజ మీది పోగు
వంద నంబరు నూలుకు లొంగుతుంది.

ఈ వైశాఖంలో మళ్లీ వచ్చింది.
ఈసారి నోరు తెరిచింది.
అడ్డపొగ మనిషి.
నలభై ఏళ్లు, నిప్పున్న కొస లోపల పెట్టుకుని
చుట్ట కాల్చింది,
బూడిద పత్తి మీద రాలకూడదని.
అంగిలంతా తెల్లబారి, నడుమ
నెర్రెలిచ్చిన మట్టిపెళ్లలా ఒక గడ్డ.
శ్రీకాకుళంలో ముక్క తీసి చూశారట.
పై దవడ సగం తీసెయ్యాలన్నారట.

కొంగుముడిలోంచి సీసా తీసింది.
చిలకపాలెం జంక్షన్లో ఎవడో అమ్మాడు, పన్నెండు వందలకి.
ముప్పై అయిదు శాతం. నాది మూడే.
గ్లాసు నీళ్లలో మూడు చుక్కలు,
రోజుకో చుక్క పెంచుకుంటూ
ఇరవై అయిదు దాకా పోవాలట.
"ఆ జబ్బుకి గాలి పడదంట బావూ.
ఈ నీల్లల్లో గాలుందంట."
పదకొండో చుక్క దగ్గర ఉంది.
గొంతులో మంట. వాంతిలో నెత్తుటి చారలు.

కోప్పడబోయాను.
"నువ్వే గదా సెప్పినావు,
పొంగితే పురుగు సస్తాదని?"

పొంగేది చావు కాదు అసిరమ్మా.
నెత్తుట్లో ఒక కాపలాదారు ఉంటాడు.
ఈ విషం కనబడితే చాలు, విరిచేస్తాడు,
ఇటు నీరు, అటు గాలి.
ఆ గాలే బుడగలు.
కేటలేజ్ అని వాడి పేరు.
నాకే నాలుగేళ్ల కిందట తెలిసింది,
మా చిన్నదాని ఇంటర్ పుస్తకానికి అట్ట వేస్తుంటే.
నీ ఒళ్లు నన్ను తట్టుకున్న చప్పుడది,
నేను నా గెలుపని చెప్పుకున్నాను.

గడ్డలోని కణం గాలి పడక బతికేదీ కాదు.
గాలి నిండా ఉన్నా
చక్కెరను పులియబెట్టుకునే తాగుతుంది,
కల్లు మరిగినవాడు గంజి వైపు చూడనట్టు.
నువ్వు చుక్కలెక్కన మింగే ఈ విషాన్నే
అదీ లోపల కాస్త కాస్త కాచుకుంటుంది,
పెరుగు, ఇంకా పెరుగు అని
తనకు తాను చెప్పుకోడానికి.
అది పురుగు కాదు. పరాయిదీ కాదు.
నీ నూలే.
నిప్పు తగిలి తగిలి
ఆగడం మర్చిపోయిన రాట్నం.

ఇదంతా పైకి చెప్పానో,
సగం నోట్లోనే మింగానో గుర్తులేదు.
ఆమె అడిగింది ఒకటే:
"అయితే, తియ్యకపోతే అవ్వదేటి?"
"అవ్వదు."

సీసా నా బల్ల మీద పెట్టి వెళ్లింది.
నీళ్లు బాగా వదిలి తొట్టిలో పారబోశాను.
అంతటా పొంగలేదు,
పాత నెత్తుటి మరకలున్న చోటే పొంగింది.
నా వేళ్లు తెల్లగా పాలిపోయి
రెండు రోజులు చిమచిమలాడాయి.
ఆమె పదకొండు రోజులు తాగింది.

సోమవారం విశాఖ బస్సెక్కే ముందు
గుడ్డలో చుట్టిన వాలుగ దవడ నా చేతిలో పెట్టింది.
"నాదెలాగూ పోతాది. ఇది పోగొట్టీకు.
మంచివి దొరకట్లేదు ఇప్పుడు."

సొరుగులో, కత్తెర పక్కన ఉంది.
దూది తీసినప్పుడల్లా
ఒకటి రెండు పోగులు దానికి చిక్కుకుంటాయి.
ఆమె కబురు ఇంకా రాలేదు.

నిన్న ఒక గుంటడు సైకిలు మీంచి పడి వచ్చాడు.
మోకాలి మీద సీసా వంచాను.
"పురుగులు సస్తన్నాయా?" అన్నాడు,
ఎవరో ముందే చెప్పినట్టున్నారు.
"లేదురా. అది నువ్వే" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
వంగి, మోకాలి వైపు మళ్లీ చూసుకున్నాడు.